అల్లుడి విస్తరి

మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు నాది. సర్కారు నౌకరీలో ఇరవై రెండేళ్లుగా మంచినీళ్ల పైపుల దగ్గర పని చేస్తున్నాను. గుంతలో దిగిన మనిషికి పైనుంచి మాట వినబడాలంటే అరవక తప్పదు. ఆ అరుపు డ్యూటీ అయ్యాక కూడా నాతోనే ఇంటికొచ్చేది. చాయ్ చల్లారినా అరిచేవాణ్ని, ఆటోవాడు ఎక్కువ అడిగినా అరిచేవాణ్ని. నాకున్నది ధైర్యమని గల్లీలో అందరూ అనుకునేవాళ్లు, నేనూ అట్లాగే అనుకున్నాను.

చెల్లెల్ని బహదూర్‌పురాలో ఇచ్చాం. పురానాపూల్ దగ్గరున్న మా ఇంటినుంచి ఆటోలో పావుగంట. ఆ పావుగంట దూరంలో నా చెల్లెలు ఆరేళ్లు దెబ్బలు తిన్నది. నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. మొదటిసారి పెదవి పగిలి వస్తే నేనే బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయి దింపాను. "జర సర్దుకపో బిడ్డా, కోపం ఎవరికి రాదు?" అన్నాను. రెండోసారీ దింపాను. ఆ రోజు దారిలో దానికి సోడా కూడా తాగించాను. అంత మంచి అన్నను.

మూడోసారి పొద్దున్నే వచ్చింది. ఎడమ మణికట్టు వాచి ఉంది. కుడిచేత్తో కూతుర్ని పట్టుకుంది. పిల్లకు అప్పుడు ఐదేళ్లు, కాళ్లకు చెప్పులు లేవు. నేను లేచి, వాణ్ని నరుకుతాను, పొడుస్తాను అని గల్లీ అంతా లేపాను. నా భార్య నీళ్ల బిందె కిందపెట్టి, నేను అలిసిపోయేదాకా చూసింది. నేను చల్లబడి, సాయంత్రం నేనే పోయి మాట్లాడి దింపి వస్తానన్నాను. అప్పుడు నా భార్య నోరు విప్పింది.

"ఈసారి దింపుతనంటే నువ్వు గూడ ఆడనే ఉండుపో. ఇంటికి రాకు."

అమ్మ ఏదో అనబోతే ఆమెనూ చూపుతోనే ఆపింది. ముందు దవాఖానకు తీసుకుపోయి, ఎముక విరిగిందంటే చేతికి కట్టు కట్టించింది. అక్కణ్నించి గృహహింస కేసులు చూసే ఆఫీసరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు చెప్పింది రాసుకుని, కోర్టుకు పంపి, వాళ్లకు రక్షణ ఇప్పించడం ఆమె పని. నేనూ వెంట పోయాను. చెల్లె చెప్తుంటే నేను మధ్యలో దూరి, "అది కాదు మేడం, అసలు ఏమైందంటే" అంటున్నాను. నాలుగోసారి ఆమె పెన్ను పక్కనపెట్టింది.

"అన్నా, దెబ్బలు తిన్నది మీరా, ఆమెనా? జర ఆమెను చెప్పనియ్యున్రి."

నేను బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. చెల్లె లోపల రెండు గంటలు మాట్లాడింది. మా ఇంట్లో దాన్ని ఎవరైనా రెండు గంటలు మాట్లాడనిచ్చారా అని ఇప్పుడు ఆలోచిస్తే ఒక్కరోజూ గుర్తుకు రాదు.

ఫీజు లేని సర్కారు లాయరమ్మను ఇచ్చారు. కొన్ని వాయిదాలకు కోర్టు ఆర్డరు వచ్చింది. ఆ మనిషి చెల్లెను కొట్టకూడదు, తిట్టకూడదు, మా ఇంటికి రాకూడదు. చెల్లె పనిచేసే చోటికి పోకూడదు. ఫోన్ చేయకూడదు, ఇంకొకరితో చేయించకూడదు. దాటితే జైలు. నేను ఆ కాగితాన్ని జిరాక్స్ షాపుకు తీసుకుపోయి లామినేషన్ చేయించాను. రేపు దీని మీద కోర్టు ముద్ర ఎట్లా వేయించుకుంటారండీ అని లాయరమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ రోజు అందరం నవ్వాం. చెల్లె కూడా నవ్వింది.

ఆ ఆర్డరుతో మా ఇంట్లో ఏం మారిందో చెప్పాలి, లేకపోతే నేను పోగొట్టింది ఏమిటో మీకు తెలియదు. వచ్చిన కొత్తలో గల్లీలో ఏ బండి ఆగినా చెల్లె, పిల్ల ఇద్దరూ ఒకేసారి మాట ఆపేసేవాళ్లు. బండి కదిలి పోయాకే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. నెమ్మదిగా అది పోయింది. మలక్‌పేటలో ఒక చిన్న బడిలో చెల్లెకు ఆయా పని దొరికింది. పిల్లను అదే బడిలో వేశాం. పొద్దున ఇద్దరూ బస్సెక్కి పోయేవాళ్లు. పిల్ల బడి పాటలన్నీ నాకు నేర్పేది, నాకు రాకపోతే తొడ గిల్లేది. చెల్లె నా అరుపును అచ్చం నాలాగే అరిచి చూపించి అమ్మను నవ్వించేది. ఒకరోజు కూరలో ఉప్పు కోసం నా భార్యతో పోట్లాడింది. గిన్నె టపీమని పెట్టి, "పో వదినా, రేపటిసంది నేనే వండుత" అంది. నాకెంత సంతోషమైందో! భయపడే మనిషి ఉప్పు కోసం పోట్లాడదు.

ఆషాఢం వచ్చింది. మా దిక్కు బోనాలు నెల చివరి ఆదివారం. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బోనం ఎక్కించి వచ్చాక వేసే మొదటి విస్తరి అల్లుడిది. యాటకూర, అదే మేకమాంసం, ముందు ఆయనకే పడాలి. ఆయన చెయ్యి పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. వడ్డించేది ఇంటి ఆడపిల్ల. అల్లుణ్ని పిలిచేది మాత్రం ఇంటి మగవాడు, తన నోటితో పిలవాలి. ఆడవాళ్లు పిలిస్తే పిలుపు కింద లెక్కరాదు. నాన్న ఉన్నన్నాళ్లు నాన్న పిలిచాడు, ఆయన పోయాక నేను. మాకున్నది ఒక్కడే అల్లుడు.

వారం ముందునుంచి అమ్మ మొదలుపెట్టింది. "అల్లుని విస్తరి లేకుంట బోనమేందిరా కొడుకా? ఇంటిమీదికి ఏమన్న వస్తే ఎవరిది పూచి?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ ఒక్కతే అయితే నేను ఓర్చుకునేవాణ్నేమో. హోటల్ దగ్గర చాయ్ తాగుతుంటే గల్లీలో పెద్దమనిషి ఒకాయన భుజం మీద చెయ్యేశాడు.

"ఏం భాయ్, ఈసారి అల్లుడొస్తుండా? మీ లొల్లి ఇంక ఒడువలేదా?"

నా చెల్లె విరిగిన చెయ్యి ఆయనకు లొల్లి. ఆ మాట ఆయన ముఖం మీద అనాలి కదా? అక్కడ పదిమంది ఉన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. గల్లీలో నా ఇజ్జత్ ఆ చాయ్ గ్లాసులో పడి కొట్టుకుంటున్నట్టు అనిపించింది నాకు. "వస్తడు. ఎందుకు రాడు?" అన్నాను.

పురానాపూల్ వంతెన పక్కన బండి ఆపి వాడికి ఫోన్ చేశాను. నా తెలివి ఎట్లా పనిచేసిందంటే, కోర్టు వాణ్ని రావద్దన్నది గానీ నన్ను పిలవద్దనలేదు కదా! ఆర్డరు వాడి మీద, మా ఇంటి మీద కాదు. పైగా ఒక్క పూట.

"కోర్టు రావద్దన్నది కద బావా?" అన్నాడు వాడు.

"కోర్టు ఇంట్ల లేదు, నేనున్న. నేను పిలుస్తున్న, రా."

వాడు మెల్లగా, "అయితే అదే ముక్క మెసేజ్ పెట్టు బావా. రేపు ఎవ్వలు ఏమనకుంట" అన్నాడు. పెట్టాను. తప్పుల్లేకుండా, పండుగకు తప్పక రావాలి అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పొద్దున చెల్లె తలస్నానం చేసి, కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెడుతూ ఉంది. పక్కన పిల్ల వేపమండలు విరిచి ఇస్తోంది. అప్పుడు చెప్పాను. చెల్లె వేలు కుండ మీద ఆగింది.

"ఆయనను ఎవలు పిలిచిన్రు?"

"నేనే. ఒక్క పూట. తిని పోతడు."

"నన్ను అడగకపోతివి అన్నా."

"అడిగితే వద్దంటవు."

"అందుకే గద అడగాలె?"

జవాబు లేనప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను, అరిచాను. ఇంటి పరువు కోర్టుకు ఎక్కింది చాలదా, అమ్మవారి పండుగ నాడన్నా మనశ్శాంతిగా ఉండనివ్వరా అన్నాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి, "ఆ ఆఫీసర్ మేడంకు ఫోన్ చేస్త" అంది. నేను ఆమె చేతిలోంచి ఫోన్ గుంజుకున్నాను. చెల్లె బోనం నెత్తిన పెట్టుకుని గుడికి నడిచింది. డప్పులు కొడుతుంటే ఒక్కచోట కూడా తూలలేదు.

వాడు తెల్ల చొక్కా వేసుకుని మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. అమ్మ పీట వేసింది. విస్తరి పరిచాం. చెల్లెను వడ్డించమని అమ్మ కళ్లతో సైగ చేసింది. అది యాటకూర గిన్నె తెచ్చి వంగింది. విరిగిన చెయ్యి పూర్తిగా నయం కాలేదు, గిన్నె ఒక పక్కకు ఒరిగింది. వాడు తల ఎత్తి, "జర పైలం, సల్లుతవు" అన్నాడు. ఆ గొంతులో ఏముందో మాకెవరికీ వినిపించలేదు, దానికి వినిపించింది.

పిల్ల నీళ్ల డ్రమ్ము వెనక దాక్కుంది. వాడు పేరు పెట్టి పిలిస్తే వచ్చింది. వచ్చి నాన్న ముందు నిలబడి, అక్కడే గౌను తడుపుకుంది. ఐదేళ్ల పిల్ల. దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకుపోవాల్సినవాణ్ని నేను. "పండుగ పూట ఏందే ఇది!" అని కసిరాను. భగవంతుడా, ఇది ఒక్కటీ నా నెత్తిలోంచి పోదు. మిగతావన్నీ ఏదో ఒకటి చెప్పుకుని నిద్రపోతాను, ఇది తలుచుకుంటే లేచి కూర్చుంటాను.

తిన్నాక వాడు ఫోన్ పండుగకు వచ్చిన మా చిన్నమ్మ కూతురికి ఇచ్చి ఫోటో తీయమన్నాడు. నా మెడ చుట్టూ చెయ్యేశాడు. "బావా, జర నవ్వు" అన్నాడు. నవ్వాను.

మూడు వారాలకు కోర్టునుంచి నోటీసు వచ్చింది. పరిస్థితులు మారాయి, వాళ్లే నన్ను పిలిచి భోజనం పెట్టారు, భార్యే స్వయంగా వడ్డించింది, నేనంటే భయం ఎక్కడుంది, కాబట్టి ఆర్డరు మార్చండి అని వాడి వకీలు పిటిషన్ వేశాడు. నా మెసేజ్ కాపీ, చేతులు జోడించిన బొమ్మతో సహా. ఫోటో. ఫోటోలో నేను పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను. వెనక చెల్లె గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

లాయరమ్మకు ఫోన్ చేస్తే, "ఎవరు పిలిచారండీ?" అంది. నేనే అన్నాను.

"నాకొక్క ఫోన్ చేసి అడగలేకపోయారా? మీరు పిలిచినా ఆయన రావడం తప్పే. కానీ ఈ ఫోటో చూశాక, ఆమె భయపడుతోందని నేను జడ్జిగారిని ఎలా నమ్మించను?"

తర్వాత ఆమే దారి చెప్పింది. చెల్లెకు తెలియకుండా, ఆమె వద్దన్నా వినకుండా నేనే పిలిచానని నేను రాసి సంతకం పెట్టి కోర్టుకు ఇవ్వాలి. ఒక్క కాగితం. నేను సంతకం పెట్టలేదు. కోర్టు ఆర్డరుందని తెలిసీ నేనే పిలిచానని నా చేత్తో నేనే రాసిచ్చేదా? రేపు ఆఫీసులో తెలిస్తే? గల్లీలో తెలిస్తే? చూద్దాం మేడం, చూద్దాం అంటూ వాయిదా దాకా నెట్టుకొచ్చాను.

ఆ రోజు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. జడ్జి ఫోటో చూసి చెల్లెను అడిగాడు.

"మీ ఇష్టంతోనే వడ్డించారా అమ్మా?"

చెల్లె ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. అన్న నాకు చెప్పకుండా పిలిచాడు, నా మీద అరిచి వడ్డించేలా చేశాడు అంటే చాలు. లాయరమ్మ అదే చెప్పమని చెప్పింది కూడా. కానీ నిండు కోర్టులో నన్ను తలవంచేలా చేయడం దానికి చేతకాలేదు. "మా ఇంట్ల ఆనవాయితీ సార్" అంది. అంతే. నేను లేచి నిలబడి ఒక్క మాట అంటే సరిపోయేది. లేవలేదు. గుంతలో మనిషికి వినబడేలా అరిచే నేను, పది అడుగుల దూరంలో ఉన్న జడ్జికి వినబడేలా ఒక్క మాట అనలేదు.

కొట్టకూడదు, తిట్టకూడదు అన్నది ఉంచి, రాకూడదు అన్నది తీసేశారు. ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి కూతుర్ని చూసుకోవచ్చన్నారు. బయటికొచ్చాక నేను చెల్లెతో, "ఫికర్ చేయకు, నేనుంట కద ఇంట్ల" అన్నాను. అది నా వైపు చూడలేదు.

మొదటి ఆదివారం వాడు పిల్లకు బొమ్మ తెచ్చాడు. రెండో ఆదివారం పొద్దుపోయేదాకా మంచం మీద కూర్చున్నాడు. మూడో ఆదివారం నా భార్య బజారుకు పోయింది. నేను ముందు గదిలో టీవీ చూస్తున్నాను. చెల్లె చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. నీళ్లు తాగొస్తానని వాడూ లోపలికి పోయాడు. గిన్నె కింద పడిన చప్పుడు, దాంతోపాటే ఇంకో చప్పుడు. నేను విన్నాను. గిన్నె పడిందిలే అనుకున్నాను. అట్లా అనుకోవాలనుకున్నాను. నేను లేచేసరికి వాడు మూతి తుడుచుకుంటూ బయటికొస్తున్నాడు. వెనకాలే చెల్లె చాయ్ తెచ్చింది. ఎడమ చెంప మీద నాలుగు వేళ్లున్నాయి. వాడికో కప్పు, నాకో కప్పు ఇచ్చింది. నేను తీసుకున్నాను.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పిల్లను తయారుచేసి బస్సుకు పోయింది. సాయంత్రం రాలేదు. ఫోన్ బంద్. బడికి పోతే ఈరోజు అసలు రాలేదన్నారు. బహదూర్‌పురా పోయాను. వాడు తలుపు దగ్గరే నిలబడి, "నా దగ్గర లేదు బావా, నీ ఇంట్లనే కద ఉంచుకున్నవ్" అన్నాడు. నాకు మూసీ గుర్తొచ్చింది. పూల్ మీద బండి నడుపుతూ రెండు పక్కలా నీళ్లలోకి చూసుకుంటూ వచ్చాను.

రెండో రోజు ఆఫీసరమ్మ దగ్గరికి పోయాను. ఆమె నన్ను కూర్చోమంది.

"ఇద్దరు మంచిగున్నరు. ఫికర్ చేయకున్రి."

"ఎక్కడున్నరు మేడం?"

"అది చెప్పను."

నాకు తిక్క లేచింది. "నేను సొంత అన్నను!" అని అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసింది. ఆమె మాత్రం కదలలేదు. ఫైల్ తెరిచి ఒక కాగితం నా వైపు తిప్పింది.

"ఆడోళ్ల హోంల చేర్చుకునేటప్పుడు ఎవలెవలికి అడ్రస్ చెప్పద్దో రాసియ్యమని అడుగుతం. అందరు ముందు మొగుని పేరు రాస్తరు. ఈమె మొగుని పేరు రెండోది రాసింది."

మొదటి పేరు నాది. ఇంటిపేరుతో సహా, పక్కన బ్రాకెట్లో అన్న అని రాసి ఉంది. ఆమె నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"మా అమ్మ పేరు?"

"లేదు."

"నా భార్యది?"

"లేదు. వాళ్లు రావచ్చు. మీరొద్దు."

ఆ వారమే పోయి లాయరమ్మ అడిగిన కాగితం మీద సంతకం పెట్టాను. పిలిచింది నేనని, బలవంతంగా వడ్డించేలా చేసింది నేనని, వంటింట్లో చప్పుడు విన్నానని కూడా రాశాను. జడ్జి ముందు నిలబడి చెప్పాను. రాకూడదు అన్నది మళ్లీ ఆర్డరులోకి వచ్చింది. ఆ సంగతి ఆఫీసరమ్మ చెల్లెకు చేరవేసింది. మంచిది అందట. అంతకంటే ఏమీ అనలేదట. ఆ హోంనుంచి ఇంకెక్కడికో మారారని, పిల్లను కొత్త బడిలో వేశారని అమ్మ ఒకసారి నోరుజారింది. ఎక్కడో అమ్మ కూడా చెప్పదు.

ఆదివారాలు నా భార్య డబ్బాలో అన్నం, కూర సర్దుకుని పోతుంది. నేను బండి మీద బస్టాపులో దింపుతాను. సాయంత్రం తిరిగొచ్చాక, పిల్ల తిన్నదా అని మాత్రం అడుగుతాను. తిన్నది అంటుంది. రోజూ రాత్రి మా ఇంట్లోనే ఓ పక్కన పడక వేసుకున్న చెల్లెలు, తొడ గిల్లే పిల్ల, ఈ ఊళ్లోనే ఎక్కడో ఉన్నారు. నా భార్యను దింపాక అక్కడ నిలబడను. బస్సు రాకముందే బండి తిప్పేసుకుంటాను. ఆ బస్సు నంబరు నా కంట పడితే, వెంట పోకుండా ఆగుతానని నా మీద నాకే నమ్మకం లేదు.